నీటిని చదివిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఉపోద్ఘాతం

ఎండాకాలంలో ఏరు సన్నబడినప్పుడు మన పల్లెల్లో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఏటి ఇసుకలోకి వెళ్ళడం మీరు చూసి ఉంటారు. లేదా ఇంట్లో పెద్దలు చెప్పగా విని ఉంటారు. ఇసుకలో మోచేతి లోతున ఒక గుంట తీస్తారు. మొదట ఊరిన మురికి నీటిని తోడి పారబోస్తారు. కొంతసేపటికి తేట నీరు ఊరుతుంది. దానిని చిప్పతో ముంచి బిందె నింపుకుంటారు. ఈ గుంటనే చెలమ అంటారు.

పక్కనే పారే ఏటి నీరు బురదగా ఉన్నా చెలమ నీరు తేటగా ఎందుకు ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసిన ఒక యువ ఇంజనీరు 1895లో అదే సూత్రంతో ఒక పట్టణం మొత్తానికి మంచినీళ్ళు ఇచ్చారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆనకట్టలు కట్టించిన ఇంజనీరుగా ఆయన పేరు మీకు తెలిసే ఉంటుంది. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని తాగునీటి వైపు నుండి చూద్దాం. మీరు సూరత్‌లోని ఉన్, ఉధ్నా, లింబాయత్ వంటి పేటల్లో ఉండి ఈ పాఠం చదువుతున్నట్లయితే, ఈ కథలో మీ ఊరు కూడా ఉంది.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– విశ్వేశ్వరయ్య జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
– నీటిలో తేలియాడే మలినాలకు, కరిగి ఉన్న లవణాలకు తేడా వివరించగలుగుతారు.
– కఠినజలం అంటే ఏమిటో, దానిని మృదువుగా ఎలా మార్చవచ్చో తెలుపగలుగుతారు.
– మీ ఇంటికి వచ్చే నీటిని పరిశీలించి, దానికి ఏ శుద్ధి అవసరమో ఆలోచించగలుగుతారు.

1. బాల్యం, చదువు

విశ్వేశ్వరయ్య 1860 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలో, చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దెనహళ్ళిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వీకులది ఆంధ్ర ప్రాంతంలోని గిద్దలూరు సమీపాన గల మోక్షగుండం గ్రామం. కొన్ని తరాల క్రితం ఆ కుటుంబం మైసూరు ప్రాంతానికి తరలి వెళ్ళింది. ఊరు విడిచినా ఊరి పేరు ఇంటి పేరుగా వారి వెంటే ఉండిపోయింది. బ్రతుకు తెరువు కోసం సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు.

బడి చదువు పూర్తికాక ముందే విశ్వేశ్వరయ్య తండ్రిని కోల్పోయారు. ఇంట్లో ఆస్తిపాస్తులు లేవు. మేనమామ ఆదరణతో ఆయన బెంగుళూరు చేరారు. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో తన చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కాలేజీలో బి.ఎ. పూర్తి చేశారు. తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనాలోని సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివారు. 1883లో ఆ పరీక్షలో ప్రథమ స్థానం పొందారు. 1884లో బొంబాయి రాష్ట్ర ప్రజా పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు.

2. ఆయన ఉద్యోగంలో చేరిన కాలం

ఆ రోజుల్లో నీటి గురించి లోకం కొత్త పాఠం నేర్చుకుంటోంది. కలరా గాలి ద్వారా వస్తుందని చాలాకాలం నమ్మేవారు. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు లండన్‌లో కలరా కేసులు ఒక చేతిపంపు చుట్టూ గుమికూడి ఉన్నట్లు చూపించారు. 1884లో, అంటే విశ్వేశ్వరయ్య ఉద్యోగంలో చేరిన సంవత్సరంలోనే, జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధన చేసి, కలరా క్రిములను అక్కడి చెరువు నీటిలో కనుగొన్నారు.

1892లో మరొక సంఘటన జరిగింది. జర్మనీలో హాంబర్గ్, ఆల్టోనా అనే రెండు పట్టణాలు పక్కపక్కనే ఉండేవి. రెండూ ఎల్బ్ నది నీటినే తాగేవి. ఆల్టోనాలో నీటిని ఇసుకలో వడపోసి ఇచ్చేవారు. హాంబర్గ్‌లో వడపోత లేదు. ఆ సంవత్సరం కలరా వచ్చినప్పుడు హాంబర్గ్‌లో 8,000 మందికి పైగా చనిపోయారు. ఆల్టోనాలో మరణాలు చాలా తక్కువ. నది ఒక్కటే, ప్రజలు ఒక్కటే. తేడా అల్లా ఇసుక పడకే.

ఇసుక ఈ పని ఎలా చేస్తుంది? ఇసుక పడక మీద నీరు నెమ్మదిగా ఇంకేటట్లు చేస్తారు. ఒక చదరపు మీటరు ఇసుక గుండా గంటకు 100 నుండి 200 లీటర్ల నీరు మాత్రమే దిగుతుంది. కొన్ని రోజులకు ఇసుక పైభాగంలో సన్నటి జిగురు పొర ఏర్పడుతుంది. ఆ పొరలో మనకు హాని చేయని సూక్ష్మజీవులు నివసిస్తాయి. బురద రేణువులు ఇసుకలో చిక్కుకుంటాయి. రోగ క్రిములలో ఎక్కువ భాగం ఆ జిగురు పొరలో నశిస్తాయి. దీనినే నిదాన ఇసుక వడపోత అంటారు. చెలమలో కూడా జరిగేది చాలావరకు ఇదే.

3. సుక్కూరు: పెద్ద చెలమ

విశ్వేశ్వరయ్య మొదట నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతాలలో పనిచేశారు. ఆయన పనితనం చూసి ప్రభుత్వం ఆయనను సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి పంపింది. అప్పట్లో సింధు ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో భాగం. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. సుక్కూరు సింధు నది ఒడ్డునే ఉంది. కాని ఆ నీరు బురద నీరు. దానిని శుద్ధి చేసి పట్టణానికి ఇవ్వాలి.

నది నీటిని పంపులతో గుట్ట మీదికి ఎక్కించి, అక్కడ తేర్చి, వడపోసి, గొట్టాల ద్వారా దింపవచ్చు. పుస్తకాలలో ఉన్న పద్ధతి అది. కాని వడపోత పడకలు కట్టించేందుకు పురపాలక సంఘం దగ్గర చాలినంత డబ్బు లేదు. ఇక్కడ ఇంజనీరుకు రెండు దారులు ఉన్నాయి. డబ్బు లేదు కనుక పని ఆగిందని నివేదిక వ్రాయవచ్చు. లేదా ఉన్న డబ్బులో శుద్ధమైన నీరు ఇచ్చే మరో ఉపాయం వెతకవచ్చు. విశ్వేశ్వరయ్య రెండవ దారి పట్టారు.

ఆయన ఒడ్డు దగ్గర నది గర్భంలోనే బావి త్రవ్వించారు. ఆ బావిలోకి నది నీరు నేరుగా రాదు. ఇసుక గుండా ఊరి వస్తుంది. ఊట చాలినంత ఉండడం కోసం బావి అడుగు నుండి నది గర్భం క్రిందకు ఒక సొరంగం కూడా తీయించారు. వడపోత పడకను డబ్బు పోసి కట్టవలసిన అవసరం లేకపోయింది. నది తానే పరచుకున్న ఇసుక ఆ పని చేసింది. ఆ ఊట నీటిని పంపులతో గుట్ట మీది జలాశయానికి ఎక్కించి పట్టణానికి ఇచ్చారు. 1895లో ఈ పని పూర్తయింది.

ఇందులో గొప్ప యంత్రం ఏదీ లేదు. మన పల్లె చెలమను పట్టణానికి సరిపోయేటంత పెద్దదిగా, ఏడాది పొడవునా పనిచేసేదిగా చేయడమే అందులోని విశేషం. నీటిని శుద్ధి చేసే ముందు దానిని ఎక్కడ నుండి తీసుకోవాలో ఆలోచించాలి అన్నది ఇక్కడ మనం గ్రహించవలసిన సూత్రం.

పాఠగత ప్రశ్నలు 1
క. హాంబర్గ్, ఆల్టోనా పట్టణాల నీటి సరఫరాలో తేడా ఏమిటి?
చ. సుక్కూరులో నది ఒడ్డు దగ్గర బావి ఎందుకు త్రవ్వించారు?

4. సూరత్, తాపీ నది

సుక్కూరు తరువాత, 1896లో విశ్వేశ్వరయ్య సూరత్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా నియమితులయ్యారు. ఆయన ఇక్కడ ఉన్నది కొద్దికాలమే. ఆ దశాబ్దంలోనే సూరత్‌కు తాపీ నది నుండి, వరాఛా దగ్గర ఏర్పాటు చేసిన నీటి కేంద్రం ద్వారా గొట్టపు నీరు ఇచ్చే ఏర్పాట్లు జరిగాయి.

సూరత్ నీటి సమస్య సుక్కూరు సమస్య వంటిది కాదు. సుక్కూరు సముద్రానికి చాలా దూరం. సూరత్ సముద్రానికి దగ్గర. ఆటుపోట్లతో ఉప్పునీరు తాపీ నదిలోకి ఎగదన్నుకు వచ్చేది. బురదను ఇసుక ఆపుతుంది. ఉప్పును ఇసుక ఆపలేదు. ఉప్పునీటిని చెలమలో వడపోసినా ఉప్పగానే ఉంటుంది. కాబట్టి నీటిని పోటు తగలని చోట తీసుకోవాలి, లేదా పోటును ఆపాలి. 1995లో సింగణ్‌పూర్ దగ్గర తాపీ మీద కట్టిన అడ్డుకట్ట చేస్తున్న పని ఇదే. అది క్రింది నుండి వచ్చే ఉప్పునీటిని ఆపుతుంది, పైన మంచినీటిని నిలుపుతుంది.

తాపీ గర్భంలో ఫ్రెంచి బావులు అనే పెద్ద బావులను కూడా సూరత్‌లో నిర్మించారు. లోతైన బావి అడుగు నుండి చిల్లుల గొట్టాలను ఇసుకలోకి చక్రపు ఆకుల వలె నలువైపులా పరుస్తారు. ఇసుకలో ఊరిన నీరు ఆ గొట్టాల ద్వారా బావిలోకి చేరుతుంది. సుక్కూరు బావికి, సొరంగానికి ఇవి చుట్టాలే అని మీరు సులభంగా గుర్తించగలరు.

5. వడపోతకు లొంగనిది

ఇప్పుడు ఉన్ ప్రాంతానికి వద్దాం. ఇది సూరత్‌కు దక్షిణాన, నవ్‌సారి వెళ్ళే దారిలో ఉంది. అక్కడ కుళాయి నీరు, బోరు నీరు రెండూ వాడే ఒక ఇంటిని ఊహించండి. బోరు నీరు అద్దంలా తేటగా ఉంటుంది. కాని దానితో స్నానం చేస్తే సబ్బు నురగ రాదు. తల వెంట్రుకలు అట్టకడతాయి. పప్పు త్వరగా ఉడకదు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఈ నీటిని గుడ్డలో వడకట్టినా, ఇసుకలో వడపోసినా మార్పు రాదు. ఎందుకు?

నీటిలో మలినాలు రెండు రకాలుగా ఉంటాయి. బురద, చెత్త, క్రిములు నీటిలో తేలియాడుతూ ఉంటాయి. వీటిని తేర్చవచ్చు, వడపోయవచ్చు. లవణాలు మాత్రం నీటిలో కరిగి ఉంటాయి. చక్కెర నీటిని గుడ్డలో వడకడితే చక్కెర గుడ్డలో మిగలదు కదా. ఇది కూడా అంతే.

వర్షపు నీరు దాదాపు శుద్ధమైన నీరు. అది గాలిలోను, నేలలోను ఉన్న కార్బన్ డై ఆక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్ల గుణం పొందుతుంది. అటువంటి నీరు భూమిలోకి ఇంకేటప్పుడు రాళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. ఈ లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠినజలం అంటారు. సబ్బు ముందుగా ఈ లవణాలతో చర్య జరిపి, నీటిలో కరగని తెల్లటి తెట్టుగా మారిపోతుంది. లవణాలన్నీ అలా ఖర్చయిన తరువాతనే నురగ వస్తుంది. అంటే మీరు కొన్న సబ్బులో కొంత భాగం మైల వదిలించడానికి కాక నీటిలోని లవణాలకే పోతుంది.

కాఠిన్యత రెండు రకాలు.

తాత్కాలిక కాఠిన్యత: ఇది కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్ల వల్ల కలుగుతుంది. నీటిని మరిగిస్తే కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్, కరగని కాల్షియం కార్బనేట్‌గా మారి అడుగున చేరుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ వాయువు బయటకు పోతుంది. గిన్నె అడుగున మీరు చూసే తెల్లటి పెచ్చులో ఎక్కువ భాగం ఇదే.

శాశ్వత కాఠిన్యత: ఇది కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్‌లు, సల్ఫేట్ల వల్ల కలుగుతుంది. మరిగించినా ఇది పోదు.

1841లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ తాత్కాలిక కాఠిన్యతను తొలగించడానికి మంట అవసరం లేని పద్ధతి కనుగొన్నారు. నీటికి తగిన కొలతలో తడి సున్నం కలపాలి. సున్నం బైకార్బనేట్‌తో చర్య జరుపుతుంది. రెండూ కాల్షియం కార్బనేట్‌గా మారి అడుగుకు దిగుతాయి. కాల్షియంను తొలగించడానికి కాల్షియం ఉన్న సున్నాన్నే కలపడం వింతగా తోచవచ్చు. కాని కొలత సరిగా ఉంటే రెండింటి కాల్షియం కలిసి అవక్షేపంగా పోతుంది. కొలత మించితే మిగిలిన సున్నమే నీటిని మళ్ళీ కఠినం చేస్తుంది. అందువల్ల ఇది నీటిని పరీక్షించి చేయవలసిన పని. ఇంట్లో అంచనాతో చేయకూడదు.

శాశ్వత కాఠిన్యతను చాకలి సోడాతో తొలగించవచ్చు. బట్టలుతికే నీటికి ఇది సరిపోతుంది, తాగే నీటికి కాదు. మిల్లులలో అయాన్ మార్పిడి పద్ధతి వాడతారు. ప్రత్యేకమైన జిగురు గుళికలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని, వాటి బదులు సోడియంను వదులుతాయి. గుళికల శక్తి తగ్గినప్పుడు ఉప్పు ద్రావణంతో కడిగితే మళ్ళీ పనిచేస్తాయి. ఉన్ సమీపంలోని పాండేసరాలో అద్దకం మిల్లులు ఉన్నాయి. అటువంటి మిల్లులో పనిచేసే వారికి ఈ విషయం అనుభవమే. కఠినజలంతో రంగు బట్టకు సమంగా పట్టదు, మచ్చలు పడుతుంది. బాయిలరు గొట్టాలలో పెచ్చు కట్టి వేడిని అడ్డుకుంటుంది, బొగ్గు ఖర్చు పెరుగుతుంది.

చేసి చూడండి
ఒకే పరిమాణం గల రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో సగం వరకు వాన నీరు, రెండవదానిలో సగం వరకు బోరు నీరు పోయండి. ఒంటి సబ్బును కొద్ది నీటిలో కరిగించి, ఆ ద్రావణాన్ని ఒక్కొక్క సీసాలో 10 చుక్కలు వేయండి. మూతలు బిగించి 20 సార్లు ఊపండి. ఏ సీసాలో నురగ నిలిచింది? రెండవ సీసాలో అంత నురగ రావడానికి ఇంకా ఎన్ని చుక్కలు వేయవలసి వచ్చింది? మీ నోటుపుస్తకంలో వ్రాయండి. బట్టల పౌడరుతో ఈ ప్రయోగం చేయకండి. అది కఠినజలంలో కూడా నురగ ఇచ్చేటట్లు తయారవుతుంది. (క్లార్క్ నీటి కాఠిన్యతను కొలిచింది కూడా ఇటువంటి సబ్బు పరీక్షతోనే.)

6. ఏడెన్: సముద్రాన్ని మరిగించిన ఊరు

మళ్ళీ విశ్వేశ్వరయ్య కథకు వద్దాం. 1901లో ఆయన బొంబాయి ప్రభుత్వానికి శానిటరీ ఇంజనీరు అయ్యారు. ధార్వాడ్, బీజాపూర్ వంటి పట్టణాల నీటి పథకాలు ఆయన పరిశీలించారు. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తాను రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్చారు. వరద వచ్చినప్పుడు అవి వాటంతట అవే తెరుచుకునేవి, తగ్గగానే మూసుకునేవి. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిచింది.

1906లో ఆయనను అరేబియాలోని ఏడెన్ రేవుకు పంపారు. ఆ ఊరు కూడా అప్పట్లో బొంబాయి ప్రభుత్వం క్రిందనే ఉండేది. అక్కడ వాన చాలా అరుదు. నదులు లేవు. సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి తాగునీరు తయారు చేసేవారు. దీనిని స్వేదనం అంటారు. ఈ పద్ధతిలో కరిగిన లవణాలన్నీ వెనుక మిగిలిపోతాయి. ఉప్పు పోతుంది, కాఠిన్యత పోతుంది. కాని ప్రతి బిందెకు ఇంధనం కాలాలి. ఊరంతటికీ అలా నీరివ్వడం ఎంత భారమో మీరే ఊహించవచ్చు.

విశ్వేశ్వరయ్య మళ్ళీ నీటి మూలం కోసమే వెతికారు. ఏడెన్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో లహెజ్ అనే చోటు ఉంది. ఎగువ కొండల్లో కురిసిన వాన అక్కడి ఎండిన ఏటి ఇసుక క్రింద ఊటగా ప్రవహిస్తుంది. ఆ ఏటి గర్భంలో బావులు త్రవ్వి, నీటిని పంపులతో ఊరికి తీసుకురావచ్చునని ఆయన సూచించారు. సుక్కూరులో నేర్చిన పాఠం ఎడారిలో కూడా పనికివచ్చింది. కరిగిన లవణాలను తొలగించడం ఎప్పుడూ ఖర్చుతో కూడిన పని. లవణాలు తక్కువ ఉన్న నీటిని ముందే వెతికి పట్టుకోవడం చౌక.

పాఠగత ప్రశ్నలు 2
క. ఇసుక వడపోత ఉప్పునీటిని మంచినీరుగా ఎందుకు మార్చలేదు?
చ. మరిగిస్తే ఏ రకమైన కాఠిన్యత పోతుంది?
ట. స్వేదనంలో లవణాలు ఏమవుతాయి?

7. హైదరాబాదు: వరద నుండి తాగునీరు

ఆ కాలంలో ప్రభుత్వ శాఖలలో అత్యున్నత పదవులు సాధారణంగా ఆంగ్లేయులకే దక్కేవి. విశ్వేశ్వరయ్య 1908లో సెలవు పెట్టి విదేశాలు చూడడానికి వెళ్ళారు. బొంబాయి ఉద్యోగానికి తిరిగి రాకూడదని నిశ్చయించుకున్నారు. ఆయన ప్రయాణంలో ఉండగానే హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం కోరిక మీద విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరి పరిశీలన ప్రారంభించారు. వరద ఎందుకు అంత భయంకరంగా వచ్చిందో లెక్కలతో తేల్చారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయి. కుంభవృష్టికి వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. ఒక చెరువు తెగితే ఆ నీరు క్రింది చెరువు మీద పడింది. ఆ విధంగా వాన నీటికి చెరువుల నీరు తోడయింది.

నగరానికి పైన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద పెద్ద జలాశయాలు కట్టాలని ఆయన 1909 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. వానాకాలంలో అవి వరదను ఆపుతాయి. ఎండాకాలంలో నగరానికి తాగునీరు ఇస్తాయి. ఆయన సూచన మేరకు తరువాతి ఇంజనీర్లు గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్‌ను 1920లో, హిమాయత్ సాగర్‌ను 1927లో పూర్తి చేశారు. గండిపేట నీరు పల్లం వైపు తనంత తానే పారి ఆసిఫ్‌నగర్ చేరుతుంది. అక్కడ శుద్ధి చేసి నగరానికి ఇచ్చేవారు.

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదిలి వెళ్ళడని పాతవారు మురిపెంగా చెప్పుకొంటారు. ఆ రుచికి రసాయన కారణం ఉంది. జలాశయంలో చేరేది ఎక్కువగా నేల మీద పారి వచ్చిన వాన నీరు. అది రాళ్ళ పొరల్లో ఎక్కువ కాలం నిలవదు కనుక లవణాలను తక్కువగా కరిగించుకుంటుంది. అదే నగరంలో బోరు నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి ఉండి కఠినంగా మారుతుంది. అయితే జలాశయపు నీటిలో బురద, క్రిములు ఉంటాయి. బోరు నీటిలో బురద ఉండదు, లవణాలు ఉంటాయి. ఏ నీటి లోపం ఆ నీటిదే. ఏ లోపానికి ఆ మందే వేయాలి.

8. తరువాతి జీవితం

1909లోనే విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగరం నిర్మాణం 1911లో ఆయన ఆధ్వర్యంలో మొదలయింది. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడడంలో ఆయన కృషి ఉంది. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న పురస్కారం ఇచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన తరువాత, బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. ఆయన పుట్టిన రోజు సెప్టెంబరు 15ను మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

9. మీ ఇంటి నీరు

విశ్వేశ్వరయ్య జీవితం నుండి మీరు ఇంటికి తీసుకువెళ్ళవలసిన విషయం ఒకటి ఉంది. ఆయన ఏ ఊరు వెళ్ళినా ముందు నీటిని చూశారు, తరువాతే పథకం వేశారు. మీరు కూడా నీటి శుద్ధికి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, నీరు మడ్డిగా ఉందా? పటిక కలిపితే నీటిలోని బైకార్బనేట్లతో చర్య జరిగి జిగురు వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. అది సన్నటి మట్టి రేణువులను కూడగట్టుకుని అడుగుకు దిగుతుంది. మన పల్లెల్లో కుండలో ఇండుప గింజ అరగదీసి నీరు తేర్చడం కూడా ఇటువంటిదే. తేరిన నీటిని పైనుండి వంచుకోవాలి. కాని తేట నీరంతా మంచినీరు కాదని మరచిపోకండి.

రెండవది, నీటిలో క్రిములు ఉండే అవకాశం ఉందా? మురుగు కాలువ పక్కన పోయే గొట్టం పగిలినా, తొట్టిలో చేయి ముంచినా క్రిములు చేరవచ్చు. అవి కంటికి కనబడవు. నీరు తెర్లిన తరువాత మరికొన్ని నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లార్చాలి. ఎక్కువ నీటికి బ్లీచింగ్ పౌడరు వాడవచ్చు. మడ్డి లేని 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు చాలు. కలిపిన తరువాత కనీసం ఒక గంట ఆగాలి. కుళాయి నీటిలో కొద్దిగా మందు వాసన వస్తే విసుక్కోకండి. ఆ మిగిలిన క్లోరిన్ మీ బిందె దాకా నీటికి కాపలా. మన దేశ ప్రమాణం ప్రకారం ఇది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

మూడవది, నీరు కఠినమా? లీటరు నీటిలో కాఠిన్యత 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మృదుజలం, 180 దాటితే చాలా కఠినం. తాగునీటిలో 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతించవచ్చునని మన దేశ ప్రమాణం చెబుతుంది. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి అవసరమైన ఖనిజాలే. కఠినజలం తాగితే మూత్రపిండాలలో రాళ్ళు వస్తాయని చాలామంది నమ్ముతారు. కాని అది స్పష్టంగా రుజువు కాలేదు. కఠినజలం ఎక్కువగా హాని చేసేది సబ్బుకు, గిన్నెలకు, బాయిలరుకు. క్రిములు ఉన్న నీరు హాని చేసేది ప్రాణానికి. పసిపిల్లలున్న ఇంట్లో ముందుగా దేని మీద శ్రద్ధ పెట్టాలో ఇప్పుడు మీరు చెప్పగలరు.

ఇళ్ళలో వాడుతున్న ఆర్.ఓ. యంత్రం కరిగిన లవణాలను తొలగిస్తుంది. కాని కొంత నీటిని వృథాగా వదిలేస్తుంది. మునిసిపాలిటీ కుళాయి నీరు మృదువుగానే ఉంటే దానికి ఆర్.ఓ. అవసరం లేదు. మరిగిస్తే చాలు. మీ వీధిలో రెండు రకాల నీరు వస్తుంటే, తాగడానికి ఒకటి, కడగడానికి ఒకటి అని విడదీసుకోండి. సందేహం ఉంటే నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. బోరు నీటిలో ఫ్లోరైడు వంటివి రుచికి గాని, కంటికి గాని తెలియవు.

మీరు నేర్చుకున్నది
– తేలియాడే మలినాలను తేర్చి, వడపోసి తొలగించవచ్చు. కరిగిన లవణాలు వడపోతకు లొంగవు.
– కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిని కఠినం చేస్తాయి. బైకార్బనేట్ల వల్ల తాత్కాలిక కాఠిన్యత, క్లోరైడ్‌లు, సల్ఫేట్ల వల్ల శాశ్వత కాఠిన్యత కలుగుతాయి.
– తేట నీరు, క్రిములు లేని నీరు, మృదువైన నీరు ఈ మూడూ ఒకటి కావు.
– విశ్వేశ్వరయ్య సుక్కూరు, ఏడెన్, హైదరాబాదులలో సరైన నీటి మూలాన్ని ఎంచుకొని శుద్ధి భారాన్ని తగ్గించే మార్గం చూపారు.

పాఠాంత ప్రశ్నలు
1. విశ్వేశ్వరయ్య సుక్కూరులో ఎదుర్కొన్న ఇబ్బందిని, దానిని పరిష్కరించిన విధానాన్ని వివరించండి.
2. క్లార్క్ పద్ధతిలో సున్నం కొలత ఎందుకు ముఖ్యం?
3. మీ ఇంటికి వచ్చే నీరు ఎక్కడ నుండి వస్తుందో తెలుసుకుని, దానిలో ఏ లోపాలు ఉండే అవకాశం ఉందో పది వాక్యాలలో వ్రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
1. క. ఆల్టోనాలో నీటిని ఇసుకలో వడపోసి ఇచ్చేవారు. హాంబర్గ్‌లో వడపోత లేదు.
చ. నది ఇసుకే సహజంగా నీటిని వడపోస్తుంది. వేరే వడపోత పడకలు కట్టే ఖర్చు తప్పుతుంది.
2. క. ఉప్పు నీటిలో కరిగి ఉంటుంది కనుక ఇసుక దానిని ఆపలేదు.
చ. తాత్కాలిక కాఠిన్యత.
ట. ఆవిరితో పాటు పోకుండా మరిగించిన పాత్రలోనే మిగిలిపోతాయి.